పడవ కిటికీ అద్దం పగిలితే

విల్లో చెట్టు కొమ్మ నా వంటగది కిటికీలోంచి లోపలికి దూరిన క్షణంలో నేను వెనక చుక్కాని పట్టుకుని, ఎదురుగా వస్తున్న పడవవాళ్లకు చెయ్యి ఊపుతున్నాను. ఇంగ్లండు కాలువల మీద ఎదురు పడవ వస్తే కుడి ఒడ్డుకు ఒదగాలి. ఆ రోజు గాలి కూడా తోడై, నేను ఒదగాలనుకున్న దానికంటే నాలుగడుగులు ఎక్కువే ఒదిగాను. ఎవరో సగానికి నరికి వదిలేసిన కొమ్మ మోడు సరిగ్గా అద్దం మధ్యలో పొడిచింది. ముందు టపాకాయలా ఒక్క పేలుడు. వెంటనే బస్తా చిరిగి బియ్యం గచ్చు మీద జారిపోతున్నట్టు చప్పుడు.

ఇది జరిగింది గ్రాండ్ యూనియన్ కాలువ మీద, స్టోక్ బ్రూర్న్ లాకులకు కొంచెం దిగువన, అక్టోబరు నెలలో. నాది 57 అడుగుల నారోబోటు. పొడవు అంత ఉన్నా వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలే. అదే నా ఇల్లు. గోదావరి కాలువల మీద లాకులు చూసినవారికి ఇక్కడివి కొత్తగా ఏమీ అనిపించవు. పడవలో కాపురం ఉండటం మాత్రం కొత్తే, ముఖ్యంగా గోడలన్నీ ఉక్కు రేకులైన పడవలో.

అప్పటి నుంచి నావి మూడు, ఇరుగుపొరుగు పడవలవి రెండు, మొత్తం ఐదు కిటికీలు విప్పి బిగించాను. అద్దం మార్చడం నిజానికి ఒక పూట పని. మిగిలిన కాలమంతా తినేసేది స్క్రూలు, తుప్పు, నీళ్లు. అందుకే ఇక్కడ అద్దం గురించి తక్కువ, ఆ మూడింటి గురించి ఎక్కువ చెబుతాను.

మొదటి గంట

పడవను ఒడ్డుకు కట్టి, బూట్లు వేసుకుని లోపలికి వెళ్లండి. చెప్పులతో వెళ్లవద్దు. పడవ కిటికీలకు వాడేది దాదాపు ఎప్పుడూ టఫెన్డ్ గ్లాసే, అంటే కాల్చి గట్టిపరిచిన అద్దం. అది కత్తుల్లాంటి పెంకులుగా కాకుండా పటికబెల్లం పలుకుల్లాంటి ముక్కలుగా రాలిపోతుంది. ముక్క మొద్దుగా ఉంటుంది కదా అని చేత్తో ఊడ్చవద్దు, అంచులు కోస్తాయి. పొయ్యి మీద మూత లేకుండా పెట్టిన పప్పు గిన్నెను నేను మరో ఆలోచన లేకుండా పారబోశాను. కిటికీకి మూడడుగుల దూరంలో తెరిచి ఉన్న తిండి ఏదైనా సరే, వడకట్టి కాపాడుకుందామనే ఆశ పెట్టుకోకండి.

ఊడ్చి, వాక్యూమ్ క్లీనర్ పట్టి, చివరగా తడి కాగితంతో తుడవండి. ఆ తర్వాత లైట్లు ఆర్పి టార్చిలైటును నేలకు ఆనించి అడ్డంగా వేయండి. మిగిలిపోయిన పలుకులన్నీ నక్షత్రాల్లా మెరుస్తాయి. బయట సన్నటి అంచు మీద పడినవాటిని కాళ్లతో కాలువలోకి తోసేయవద్దు. ఈ నీళ్లు నడుములోతే ఉంటాయి. కుక్కలు దిగుతాయి, ప్రొపెల్లరుకు చుట్టుకున్న గుడ్డలు తీయడానికి రేపు మీరే దిగవలసి రావచ్చు.

ఆ సాయంత్రం ఫోనులో అమ్మతో చెబితే, పడవ ఎలా ఉంది, దెబ్బ తగిలిందా అని అడగడానికి ముందే, "పగిలిన అద్దం ఇంట్లో ఒక్క ముక్క కూడా ఉంచకూడదే తల్లీ" అంది. అరిష్టం సంగతేమో గానీ, నాలుగైదు ముక్కలు మాత్రం డబ్బాలో దాచుకున్నాను. అద్దం మందం కొలవడానికి అవి కావాలి. మూల ముక్క మీద చిన్న ముద్ర కనబడితే దాన్నీ దాచండి. ఏ రకం అద్దమో అది చెబుతుంది.

ఇక రాత్రికి కన్నం మూయాలి. చాలామంది పాలిథీన్ షీటు వేసి చుట్టూ బలమైన టేపు అంటిస్తారు. రెండు రోజుల తర్వాత టేపుతో పాటు పెయింటూ ఊడివస్తుంది. నాకు పక్క పడవ పెద్దాయన నేర్పిన పద్ధతి మేలు. కన్నం కంటే నలువైపులా రెండంగుళాలు పెద్దగా ఉండే ప్లైవుడ్ ముక్కను బయటి నుంచి ఆనించాలి. లోపలి నుంచి కన్నానికి అడ్డంగా రెండు చెక్క పట్టీలు పెట్టాలి. ప్లైవుడ్డునూ పట్టీలనూ కలిపి పొడుగాటి బోల్టులతో బిగిస్తే గోడ రేకు మధ్యలో ఇరుక్కుపోతుంది. రేకుకు కొత్తగా ఒక్క రంధ్రమూ పెట్టనవసరం లేదు. ప్లైవుడ్ అంచున మెత్తటి ఫోము పట్టీ అంటిస్తే వాన కూడా ఆగుతుంది. ఒక్క జాగ్రత్త: పొయ్యి వెలిగించి పడుకునే వారు, కన్నం మూసే హడావిడిలో గాలి రంధ్రాలకు కూడా అడ్డం పెట్టేశారేమో చూసుకోండి. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం 2019 ఏప్రిల్ నుంచి ఇక్కడి పడవల భద్రతా పరీక్షలో తప్పనిసరి. అది పనిచేస్తున్నదో లేదో మీట నొక్కి వినండి.

ఎవరైనా రాయి విసిరి పగలగొడితే ఫొటోలు తీసి, పోలీసుల 101 నంబరుకు ఫోను చేసి, బీమావారికి చెప్పండి. నాది కొమ్మ. చెట్టు మీద ఫిర్యాదు చేసి లాభం లేదు.

పడవను తిప్పుకోవడం

ఇళ్లలో ఉండేవారికి రాని చిక్కు ఇది. పడవ కట్టేది గట్టు దారి ఉన్న ఒడ్డుకే. పగిలిన కిటికీ నీళ్ల వైపు ఉంటే? పావు మీటరు కూడా లేని అంచు మీద నిలబడి, ఒక చేత్తో పైకప్పు కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో స్క్రూలు విప్పాలి. నేను ప్రయత్నించాను. అరగంటలో మూడు స్క్రూలు, ఒక మంచి స్క్రూడ్రైవరు కాలువపాలయ్యాయి. తాడుకు అయస్కాంతం కట్టి వెతికితే స్క్రూడ్రైవరు దొరికింది. స్క్రూలు స్టెయిన్‌లెస్ ఉక్కువి, వాటికి అయస్కాంతం పట్టదు.

తిప్పుకోవడమే తెలివైన పని. 57 అడుగుల పడవ ఎక్కడపడితే అక్కడ తిరగదు, కాలువ అంత వెడల్పు ఉండదు. అక్కడక్కడా ఒక ఒడ్డును తవ్వి వెడల్పు చేసిన చోట్లు ఉంటాయి. వాటిని విండింగ్ హోల్ అంటారు. గాలి అనే అర్థంలో 'విండ్' అని పలకాలి, 'వైండ్' అంటే వెంటనే కొత్తవారని గుర్తుపడతారు. ముక్కును ఆ మలుపులోకి పెట్టి, వెనక భాగాన్ని నెమ్మదిగా తిప్పితే పడవ వచ్చిన దారికి ఎదురు తిరుగుతుంది, పగిలిన కిటికీ గట్టు వైపు వస్తుంది. పటంలో దగ్గరి మలుపు చూసుకుని, అది మీ పడవ పొడవుకు సరిపోతుందో లేదో ముందే లెక్క వేసుకోండి. నాకు ఒక పూట ప్రయాణం పట్టింది. వేగ పరిమితి గంటకు 4 మైళ్లు కాబట్టి పూట ప్రయాణం అంటే పెద్ద దూరమేమీ కాదు.

సొంత రేవు లేని నాలాంటివారు ఒకే చోట సాధారణంగా 14 రోజులకు మించి ఉండకూడదు. అందుకే పని మొదలుపెట్టే రోజును కొత్త చోట కట్టిన రోజుకు కలుపుకోండి. అద్దం తయారై రావడానికి నాకు పది రోజులు పట్టింది. గడువు సరిగ్గా సరిపోయింది.

స్క్రూలు

పడవ కిటికీలు ప్రధానంగా మూడు రకాలుగా కనిపిస్తాయి. కొన్నింటిలో కారు ముందు అద్దానికి ఉన్నట్టు రబ్బరు చట్రమే అద్దాన్నీ ఉక్కు రేకునూ రెండు వైపులా పట్టుకుంటుంది. రబ్బరు మీది తాళపు పట్టీ లాగేస్తే వదులవుతుంది. కొన్నింటిలో అల్యూమినియం ఫ్రేము బయటి నుంచి కన్నంలో కూర్చుంటుంది, లోపలి నుంచి ఒక చట్రం దాన్ని బిగించి పడుతుంది. బయట ఒక్క స్క్రూ కూడా కనబడదు. ఇంకొన్నింటిలో, ముఖ్యంగా పాత పడవల్లో, ఫ్రేము బయటి అంచు గుండా నేరుగా ఉక్కు రేకులోకి స్క్రూలు ఉంటాయి. నాది ఈ మూడో రకం. గుండ్రటి కిటికీలదీ ఇంచుమించు ఇదే దారి, పరిమాణం చిన్నది కాబట్టి సుఖం.

ఫ్రేము విప్పకుండా అద్దం ఒక్కటే మార్చవచ్చా అని అందరూ అడుగుతారు. రబ్బరు చట్రం రకానికి మార్చవచ్చు. అల్యూమినియం ఫ్రేము చాలావరకు రెండు ముక్కలుగా ఉంటుంది. అతుకు విప్పితే గానీ అద్దం లోపలికి దిగదు, ఫ్రేము గోడ నుంచి బయటికి వస్తే గానీ అతుకు విప్పలేము.

మొదట ఒక పాత దుప్పటిని పైకప్పు కమ్మీ నుంచి గట్టు మీదికి వేలాడదీయండి. జారిన ప్రతిదీ అందులో పడుతుంది. నా ఫ్రేముకు చుట్టూ 22 స్క్రూలు. ముందు రోజు రాత్రి ఒక్కో తలకాయ మీద తుప్పు వదిలించే నూనె చుక్క వేసి వదిలేశాను. పొద్దున్నే 13 మర్యాదగా వచ్చాయి. ఐదు అలిగి, కాసేపటికి లొంగాయి. నాలుగు మొండికేశాయి.

మొండి స్క్రూ దగ్గర ముందు తెలుసుకోవలసింది, వదులు చేయడానికి ముందు కొద్దిగా బిగించాలి. పావు మిల్లీమీటరు కదిలినా తుప్పు పట్టు విరుగుతుంది. దానికీ లొంగకపోతే సుత్తితో కొడితే తిరిగే స్క్రూడ్రైవరు వాడండి, కానీ అద్దం మిగిలి ఉన్న కిటికీ మీద ఆ పని వద్దు. అదీ కాకపోతే తలకాయను డ్రిల్లు చేసి తీసేయడమే. తల పోయాక ఫ్రేము వచ్చేస్తుంది, మొండెం గోడలో మిగులుతుంది. దాన్ని పట్టకారుతో పట్టి తిప్పవచ్చు. నాలుగింటిలో మూడు అలా వచ్చాయి. ఒకదాన్ని మాత్రం పూర్తిగా డ్రిల్లు చేసి, కొత్తగా మర కోయవలసి వచ్చింది. నావి ఎం5 స్క్రూలు, అంటే 5 మిల్లీమీటర్ల లావువి. వాటి మరకు 4.2 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. రంధ్రం అంతకంటే పెద్దదైపోతే 5 మిల్లీమీటర్లు చేసి ఎం6 మర కోసుకోవచ్చు. కేబిన్ గోడ రేకు మందం సాధారణంగా 4 మిల్లీమీటర్లే. మర పట్టడానికి ఉన్న చోటు అంతే కాబట్టి తొందరపడకండి.

స్క్రూలన్నీ పోయినా ఫ్రేము కదలదు. సందు మూయడానికి వేసిన పాత సీలెంట్ దాన్ని ఇంకా పట్టుకుని ఉంటుంది. స్క్రూడ్రైవరుతో ఎత్తితే అల్యూమినియం వంగుతుంది, వంగినది మళ్లీ సరిగ్గా కూర్చోదు. లప్పం పెట్టే పలుచటి రేకును అంచు కింద జొనిపి చుట్టూ కోసుకుంటూ రండి. నాలుగు వైపులా కోశాక లోపలి నుంచి అరచేత్తో నెట్టండి. బయట ఒక మనిషి పట్టుకోవాలి. ఇదొక్కటి మాత్రం ఒంటరిగా చేసే పని కాదు.

కొలత

ఫ్రేమును బల్ల మీద పడుకోబెట్టండి. తిన్నని స్కేలు ఆనించి వంకర ఉందేమో చూడండి. మూలల్లో తెల్లటి పొడి రాలుతూ లోహం పొరలుగా లేస్తుంటే, అద్దం మీద ఖర్చు పెట్టకండి, కిటికీ మొత్తం మార్చండి. పైపైన మచ్చలే అయితే ఫ్రేము ఇంకా చాలా ఏళ్లు బతుకుతుంది. కొత్త కిటికీకి నాకు 300 పౌండ్ల పైన చెప్పారు. అద్దం ఒక్కటే 46 పౌండ్లకు వచ్చింది.

టఫెన్డ్ అద్దాన్ని తయారయ్యాక కోయడం కుదరదు. కొలత ప్రకారం ముందు కోసి, తర్వాతే కాలుస్తారు. మీరు 2 మిల్లీమీటర్లు ఎక్కువ రాసిస్తే దాన్ని అరగదీసే దారి ఉండదు, రెండో అద్దానికి డబ్బు కట్టడమే. అందుకే అతుకు స్క్రూలు విప్పి, పాత రబ్బరు లాగేసి, గాడి అడుగు నుంచి గాడి అడుగు వరకు కొలవండి. వెడల్పు మూడు చోట్ల, ఎత్తు మూడు చోట్ల. వచ్చిన వాటిలో చిన్నదాన్ని తీసుకోండి. రబ్బరు అడుగు మందం నాది 2 మిల్లీమీటర్లు. రెండు వైపులా అది పోగా, ఎండకు సాగడానికి వైపుకు 1 చొప్పున వదిలాను. మొత్తం 6 తగ్గించాను. మూలలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి అంకెలు సరిపోవు. గట్టి అట్టను ఆ ఆకారంలో కత్తిరించి ఫ్రేములో పెట్టి చూసి, ఆ అట్టనే దుకాణానికి పట్టుకెళ్లండి. అట్ట మీద 'బయటి వైపు', 'పైన' అని రాయండి. చూడటానికి ఒకేలా ఉన్న మూలలు తరచుగా ఒకేలా ఉండవు.

మందం కోసం డబ్బాలో దాచిన ముక్కను కొలవండి. నాది 5 మిల్లీమీటర్లు. దొంగల భయానికి, రాళ్ల భయానికి రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉండే లామినేటెడ్ అద్దం వేయించుకోవచ్చు. పగిలినా రాలదు. కానీ అది తరచుగా 6.4 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, 5 మిల్లీమీటర్ల అద్దానికి చేసిన గాడిలో రబ్బరుతో సహా పట్టదు. మామూలు అద్దం వేయించుకోవద్దు, ఎంత చవకైనా సరే. లాకు గోడకు పడవ కొంచెం గట్టిగా తగిలితే కత్తులు మంచం మీద పడతాయి.

నా అద్దం 900 మిల్లీమీటర్ల వెడల్పు, 560 ఎత్తు. బరువు ఆరు కిలోల పైచిలుకు. నాకు ఇంటి చిరునామా లేదు కాబట్టి స్వయంగా వెళ్లి, పాత దుప్పటిలో చుట్టి టాక్సీలో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాను. ఈ అద్దం బల్లపరుపుగా తగిలే దెబ్బను చాలావరకు కాస్తుంది గానీ, అంచు మీద చిన్న దెబ్బ తగిలితే మొత్తం పేలిపోతుంది. ఇనుము మీద, రాతి మీద అంచు ఆనించకండి. ఎప్పుడూ చెక్క మీదో గుడ్డ మీదో నిలబెట్టండి.

తుప్పు

అద్దం వచ్చే లోపు పది రోజులు ఖాళీ అని అనుకుంటారు. అసలు పని ఇప్పుడే ఉంది. ఫ్రేము తీసిన చోట ఉక్కు అంచును చూడండి. పెయింటు పొర కింద బుడగలు, బుడగ గిల్లితే గోధుమరంగు పొడి. స్క్రూ రంధ్రాల చుట్టూ ఎర్రటి ఉంగరాలు. నా కిటికీ కింది అంచులో ఒక చోట గోరుతో గీకితే తుప్పు బిస్కెట్టులా పొరలు పొరలుగా వచ్చింది, చిన్న పెచ్చు అరచేతిలో పట్టేంత ఉంది. కొత్త సీలెంట్ దాని మీద వేస్తే అది ఉక్కును పట్టుకోదు, పెచ్చును పట్టుకుంటుంది. పెచ్చు ఊడిన రోజు నీళ్లు లోపలికి వస్తాయి.

తీగ బ్రష్షు, ఉలి, గరుకు కాగితం. వీటితోనే చేయండి. గ్రైండరు చేతికి తీసుకోవాలని అనిపిస్తుంది, వద్దు. గోడ రేకుకూ లోపలి చెక్కకూ మధ్య ఫోము ఉంటుంది. నిప్పురవ్వ పడితే అది అంటుకుని విషపు పొగ వదులుతుంది. ఆ పొగలో ఉక్కు గొట్టం లాంటి పడవలో నుంచి బయటపడటం తేలిక కాదు. ఎగిరిన రవ్వలు మీ పెయింటు మీద, పక్క పడవ పెయింటు మీద అతుక్కుని, వారం తర్వాత ఒక్కొక్కటి తుప్పు చుక్కగా పూస్తాయి. పక్క పడవవాళ్లతో స్నేహం నిలబెట్టుకోవాలంటే గరుకు కాగితమే మేలు.

మెరిసే ఉక్కు కనిపించేదాకా గీకాక, తుప్పును మార్చే ద్రావణం పూసి, ఆరాక రెండు పూతలు ప్రైమరు, రెండు పూతలు పెయింటు. రంధ్రాల లోపలి అంచుకూ, కోసిన రేకు మందానికీ సన్నటి బ్రష్షుతో పూయండి. అందరూ మరిచిపోయేది ఆ 4 మిల్లీమీటర్ల మందాన్నే, తుప్పు మొదలయ్యేది అక్కడే. అక్టోబరులో పొద్దున్న ఉక్కు మీద మంచు చెమట ఉంటుంది, కంటికి కనబడదు. కాగితంతో తుడిస్తే తెలుస్తుంది. నేను పదకొండు గంటల ముందు బ్రష్షు ముట్టలేదు, మూడు తర్వాత పట్టలేదు. డబ్బా మీద రాసిన కనీస ఉష్ణోగ్రత చదవండి. చాలా వాటికి 5 డిగ్రీలు దాటాలి.

లోపలి చెక్కను కూడా ఇప్పుడే చూడండి. కిటికీ కింద నల్లటి మరక ఉండి, గోరు దిగేంత మెత్తగా ఉంటే ఆ ముక్క కోసి మార్చండి. నా కిటికీ కింద జానెడు మేర అలాగే ఉంది. అది కొమ్మ చేసిన పని కాదు, నేను చేసింది. ఆ సంగతి కింద చెబుతాను.

అద్దం ఫ్రేములోకి

కొత్త రబ్బరు కొనండి. పాతది బాగానే ఉంది కదా అని అనిపించినా సరే. గిన్నెలు తోమే సబ్బు నీళ్లు పూసి అద్దం అంచుకు చుట్టూ తొడగండి. మూలల దగ్గర సాగదీయకండి, సాగదీసినది నెమ్మదిగా మళ్లీ కుంచించుకుని రెండు నెలల్లో అతుకు దగ్గర సందు ఇస్తుంది. నేను కావలసినదాని కంటే అర అంగుళం ఎక్కువ ఉంచి, నొక్కి కూర్చోబెట్టాను. కింది గాడిలో ఒక్కో చివర నుంచి పావు వంతు దూరంలో రెండు చిన్న ప్లాస్టిక్ దిమ్మలు పెట్టి వాటి మీద అద్దం నిలపాలి. లేకపోతే అద్దం అంచు అల్యూమినియం మీద కూర్చుంటుంది. ఫ్రేము రెండు సగాలనూ దగ్గరికి తెచ్చి అతుకు స్క్రూలు వేసేటప్పుడు బలం వాడవలసి వస్తే ఆగండి. ఎక్కడో రబ్బరు మడత పడి ఉంటుంది.

సీలు

ఉక్కుకూ ఫ్రేముకూ మధ్య ఏం వేయాలనే దాని మీద కాలువ గట్టున ఇద్దరు మనుషులు ఏకీభవించడం నేను చూడలేదు. నా అభిప్రాయం ఇది. ట్యూబు మూతి దగ్గర వెనిగరు వాసన వచ్చే సిలికాన్ ఉక్కు మీద వాడవద్దు. ఆ వాసన ఆమ్లానిది, తుప్పును పిలుస్తుంది. ఏ సిలికాన్ అయినా ఒకసారి అంటుకున్న చోట పెయింటు మళ్లీ పట్టదు. గట్టిపడిపోయే జిగురు వాడితే తర్వాతిసారి ఫ్రేము విరిగితే గానీ రాదు. నేను ఎప్పటికీ మెత్తగా ఉండే బ్యూటైల్ టేపు, అంటే రబ్బరు లాంటి జిగురు పట్టీ, వాడతాను. ఫ్రేము అంచు వెనక చుట్టూ వేసి, రెండు కొసలనూ పై అంచు మధ్యలో ఒకదాని మీద ఒకటి అంగుళం ఎక్కిస్తాను. కింది అంచులో అతుకు ఎప్పుడూ వద్దు, నీళ్లు నిలిచేది అక్కడే. స్టెయిన్‌లెస్ స్క్రూ, అల్యూమినియం ఫ్రేము, తడి, ఈ మూడూ కలిస్తే అల్యూమినియం కరిగిపోతూ ఉంటుంది. స్క్రూ మీద లోహాలను వేరుచేసే పేస్టు కొద్దిగా పూయండి. తర్వాతిసారి విప్పేటప్పుడు మిమ్మల్ని మీరే మెచ్చుకుంటారు.

బిగించేటప్పుడు నాలుగు మూలలూ వదులుగా పట్టించి, ఎదురెదురు స్క్రూలు వంతులవారీగా బిగించండి. ఒకే వైపు నుంచి వరుసగా బిగిస్తే టేపు అంతా ఒక పక్కకు పిసికినట్టు అవుతుంది. టేపు సన్నగా చుట్టూ సమానంగా పొంగి కనబడగానే ఆగండి. మర్నాడు ఇంకో పావు తిప్పు. పొంగినదాన్ని ప్లాస్టిక్ ముక్కతో కోసి తీసేయండి.

ఇక నా తప్పు. ఫ్రేము కింది అంచులో బయటి వైపు సన్నటి చీలికలు రెండో మూడో ఉంటాయి. చలికాలం ఒంటిపొర అద్దం మీద లోపల పట్టే చెమట కారి గాడిలోకి దిగి, ఆ చీలికల ద్వారా బయటికి పోతుంది. పడవ కొన్న కొత్తలో నాకది తెలియదు. రంధ్రం కనబడింది కాబట్టి వాన అక్కడి నుంచే లోపలికి వస్తున్నదని అనుకుని, సిలికాన్ కూరి, బాగా చేశానని మురిసిపోయాను. రెండు చలికాలాలు ఆ నీళ్లు గాడి నిండి, వెనక్కి పొర్లి, చెక్కలోకి దిగాయి. నల్లబడిన జానెడు చెక్క ఆ మురిపెం ఖరీదు. సీలు పని అయ్యాక ఒక సన్నటి తీగతో ఆ చీలికలను పొడిచి, గాడిలో చెంచాడు నీళ్లు పోసి, బయట కారుతున్నాయో లేదో చూడండి.

నీళ్ల పరీక్ష

బయట ఒకరు మొక్కలకు పోసే నీళ్ల డబ్బాతో, లోపల ఒకరు పొడి కాగితం పట్టుకుని ఉండాలి. కింది అంచుతో మొదలుపెట్టండి. పది నిమిషాలు కింది అంచు మీదే పోయాలి. తర్వాత పక్కలు, చివరగా పై అంచు. పై నుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిచోట్లా పారుతాయి, కారినా ఎక్కడి నుంచో చెప్పలేరు. పడవ గోడలు పైకి పోయేకొద్దీ లోపలికి వాలి ఉంటాయి కాబట్టి కిటికీ ఇంట్లోలా వాన చాటున ఉండదు, ముఖం కొంచెం ఆకాశం వైపు ఉంటుంది. అందుకే ఈ పరీక్షను ఇంటి కిటికీ కంటే కఠినంగా చేయాలి.

లోపల తడి కనబడితే వెంటనే కిటికీని తిట్టకండి. నీరు పల్లమెరుగు అన్నారు గానీ, ఏ ఎత్తు నుంచి బయలుదేరిందో అది మనకు చెప్పదు. పైకప్పు మీది గాలి గొట్టం దగ్గర దూరి, చెక్క వెనక ఆరడుగులు పాకి, కిటికీ మూలలో తేలుతుంది. నేను రెండో కిటికీ అలా అనవసరంగా విప్పాను. ఇప్పుడైతే అనుమానం ఉన్న చోట చెక్క మీద టాల్కం పౌడరు చల్లి రాత్రంతా వదిలేస్తాను. పొద్దున్నే పౌడరులో నీళ్లు గీసిన గీత కనిపిస్తుంది. దాని వెంట వేలు పెట్టి పైకి వెళితే మొదలు దొరుకుతుంది.

నా వంటగది కిటికీ మొదటి పరీక్షలో కింది కుడి మూల కారింది. ఒక్క చుక్క, రెండు నిమిషాలకొకటి. స్క్రూ అనుకుని బిగించాను, ఆగలేదు. నాలుగు స్క్రూలు విప్పి ఆ మూలను మాత్రం ఎత్తి చూస్తే, టేపు కింద నా తల వెంట్రుక ఒకటి అడ్డంగా పడి ఉంది. తీసి, ఆ మేరకు కొత్త టేపు వేసి మళ్లీ బిగించాను. 14వ రోజు పొద్దున్న తాళ్లు విప్పి బయలుదేరినప్పుడు వాన పడుతూనే ఉంది, కాగితం పొడిగానే ఉంది. అట్ట అచ్చు మంచం కింద చుట్టి పెట్టాను, వెనక కొలతలు, మందం, స్క్రూ రకం రాసి. అదే పరిమాణంలో నాకు ఇంకా మూడు కిటికీలు ఉన్నాయి.